టోర్నీ ఆడిన వారానికే డివిజన్ వన్‌కు వీడ్కోలు: అమెరికా చిన్న యూనివర్సిటీలకు ఆటలు ఎందుకింత బరువవుతున్నాయి?

2025 మార్చి 18 రాత్రి, ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఆడిన జట్లలో ఒకటి సెయింట్ ఫ్రాన్సిస్ యూనివర్సిటీది. పెన్సిల్వేనియా కొండల్లో లొరెట్టో అనే చిన్న ఊళ్ళో 1847లో మొదలైన కాథలిక్ విద్యాసంస్థ అది. మార్చి నెలలో అమెరికాను టీవీల ముందు కూర్చోబెట్టే ఎన్‌సీఏఏ టోర్నీకి ఆ పురుషుల జట్టు అంతకుముందు ఒకే ఒక్కసారి, 1991లో వెళ్ళింది. మళ్ళీ 34 ఏళ్ళకు అవకాశం వచ్చింది. ఆట చివరి క్షణంలో ప్రత్యర్థి అలబామా స్టేట్ యూనివర్సిటీ బంతిని బాస్కెట్‌లో వేసేసింది. సెయింట్ ఫ్రాన్సిస్ 70-68తో ఓడిపోయింది.

ఓడినా ఊరు గర్వపడింది. కానీ వారం గడిచేసరికి యూనివర్సిటీ ఒక ప్రకటన చేసింది: డివిజన్ వన్ నుంచి తప్పుకుని డివిజన్ త్రీకి వెళ్ళిపోతున్నామని. అంటే దేశంలో అందరికంటే పై మెట్టు నుంచి నేరుగా కింది మెట్టుకు దిగడం. ఆటగాళ్ళకు డబ్బులిచ్చే పద్ధతి రావడం, వాళ్ళు ఏటా కాలేజీలు మారడం తేలికైపోవడం ఆ నిర్ణయానికి కారణాలుగా చెప్పారు.

మూడు దశాబ్దాలు ఎదురుచూసిన చోటికి చేరుకుని, చేరిన వారానికే ఎందుకు వదులుకున్నారు? దీనికి జవాబు ఆటలో దొరకదు, కాలేజీ లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. ఆ లెక్కలో మన తెలుగు కుటుంబాలు కట్టే డాలర్లు కూడా కొన్ని ఉన్నాయి.

## మన కాలేజీ ఆటలు వేరు, అక్కడివి వేరు

మన దగ్గర ఆంధ్రా యూనివర్సిటీ జట్టో, ఉస్మానియా జట్టో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంది. పిల్లలు రైల్లో వెళ్ళి, ఆడి, కప్పు తెస్తే పేపర్లో చిన్న వార్త వస్తుంది. టికెట్లు ఉండవు, టీవీ హక్కులు ఉండవు. క్రికెటర్ కావాలనుకున్న కుర్రాడు యూనివర్సిటీ జట్టు మీద ఆధారపడడు. జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం, రంజీ, ఐపీఎల్ అనే దారి వేరే ఉంది.

అమెరికాలో అలా కాదు. అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లోకి (మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేది) దాదాపు ప్రతి ఆటగాడూ కాలేజీ జట్టు మీదుగానే వస్తాడు. బాస్కెట్‌బాల్‌లోనూ ప్రధాన దారి అదే. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. ఒకే సంస్థ ఒక చేత్తో డిగ్రీలిస్తూ, ఇంకో చేత్తో ప్రొఫెషనల్ క్లబ్ లాంటిదాన్ని నడుపుతోందన్నమాట.

ఈ ఆటలకు పెద్దదిక్కు 1906లో పుట్టిన ఎన్‌సీఏఏ అనే సంఘం. సుమారు 1,100 కాలేజీలున్న ఈ సంఘంలో మూడు మెట్లున్నాయి. డివిజన్ త్రీలో ఆట కోసమని స్కాలర్‌షిప్ ఇవ్వరు. డివిజన్ టూలో కొంతమేరకు ఇస్తారు. డివిజన్ వన్ పై మెట్టు, అందులో 360 దాకా కాలేజీలున్నాయి. ఈ మెట్టు మీద నిలబడాలంటే కనీసం 14 క్రీడల్లో జట్లు నడపాలి, స్కాలర్‌షిప్పులివ్వాలి, దూరాలకు ప్రయాణించాలి.

డివిజన్ వన్‌లోనూ అందరూ సమానం కాదు. ఫుట్‌బాల్‌ను బట్టి మూడు గుంపులున్నాయి. అన్నిటికన్నా పెద్ద స్థాయి ఎఫ్‌బీఎస్, 2025 నాటికి అందులో 136 జట్లు. దాని కింద ఎఫ్‌సీఎస్. ఫుట్‌బాల్ అసలే ఆడని కాలేజీలది మూడో గుంపు. మళ్ళీ ఎఫ్‌బీఎస్‌లో కూడా ఎస్‌ఈసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఏసీసీ అనే నాలుగు కాన్ఫరెన్స్‌లలోని 70 లోపు కాలేజీలదే అసలు పెత్తనం. కాన్ఫరెన్స్ అంటే కలిసి లీగ్ ఆడుకుంటూ, టీవీ హక్కుల్ని కలిసి అమ్ముకునే కాలేజీల కూటమి.

ఈ వ్యాసంలో ‘చిన్న యూనివర్సిటీ’ అన్నప్పుడల్లా ఆ నాలుగు కూటముల బయట ఉన్న డివిజన్ వన్ కాలేజీ అని అర్థం. విద్యార్థులు 20 వేల మంది ఉన్నా సరే, ఆటల ఆదాయంలో అది చిన్నదే.

## డబ్బు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

1984 వరకు కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కుల్ని ఎన్‌సీఏఏయే నియంత్రించేది. ఆ ఏడాది సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చింది. కేసు వేసినవాటిలో ఓక్లహోమా యూనివర్సిటీ ఒకటి. ఆ రోజు నుంచి ఎవరి మ్యాచ్‌లు వాళ్ళే అమ్ముకోవచ్చు. జనం చూసే జట్లున్న కూటములు ధనవంతులయ్యాయి. మిగిలినవాళ్ళకు మిగిలిందే మిగిలింది.

ఇప్పుడు ఆ తేడా ఎంతుందో చూడండి. బిగ్ టెన్ 2022లో కుదుర్చుకున్న టీవీ ఒప్పందం ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లు దాటింది. ఒహాయో, మిషిగన్ చుట్టుపక్కల మధ్యతరహా యూనివర్సిటీలుండే మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్‌కు వచ్చిన ఒప్పందం 13 ఏళ్ళకు సుమారు 10 కోట్ల డాలర్లు. రెండు కూటముల కాలేజీలూ ఆ రాష్ట్రాల్లోనే, కొన్నిచోట్ల గంట ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. ఫుట్‌బాల్ ప్లేఆఫ్ సొమ్ము పంపకమూ ఇంతే. 2026 నుంచి మొదలయ్యే కొత్త ఒప్పందం కింద ఎస్‌ఈసీ, బిగ్ టెన్ కాలేజీ ఒక్కొక్క దానికి ఏడాదికి 2 కోట్ల డాలర్లకు పైగా వస్తుందని అంచనా. చిన్న ఎఫ్‌బీఎస్ కాలేజీకి వచ్చేది సుమారు 18 లక్షల డాలర్లు.

మరి బాస్కెట్‌బాల్ టోర్నీ? అక్కడ గెలిస్తే డబ్బు రాదా అని అడగొచ్చు. వస్తుంది, కానీ గెలిచినవాళ్ళ జేబులోకి నేరుగా రాదు. టోర్నీలో ఒక మ్యాచ్ ఆడితే ఒక ‘యూనిట్’ దక్కుతుంది. దాని విలువ ఆరేళ్ళలో కలిపి దాదాపు 20 లక్షల డాలర్లు. ఆ సొమ్ము కాన్ఫరెన్స్‌కు వెళ్తుంది. ఎనిమిది మంది సభ్యులున్న కూటమి దాన్ని సమానంగా పంచుకుంటే ఒక్కో కాలేజీకి ఏడాదికి వచ్చేది 42 వేల డాలర్లలోపే. ఒక అసిస్టెంట్ కోచ్ జీతానికి కూడా అది చాలకపోవచ్చు. 34 ఏళ్ళకు దక్కిన టోర్నీ అవకాశం సెయింట్ ఫ్రాన్సిస్ ఖజానాను ఎందుకు మార్చలేకపోయిందో ఈ లెక్క చెబుతుంది.

2019 లెక్కల ప్రకారం, ఆటల ద్వారా సొంతంగా సంపాదించిన డబ్బుతోనే ఆటల ఖర్చు గడుపుకున్న కాలేజీలు దేశం మొత్తం మీద 25. అవన్నీ పెద్ద కూటముల్లోవే. ఎఫ్‌సీఎస్ కాలేజీల్లో, ఫుట్‌బాల్ లేని డివిజన్ వన్ కాలేజీల్లో మధ్యస్థంగా చూస్తే ఏడాదికి సుమారు 1.4 కోట్ల డాలర్ల లోటు. ఇది ఆటగాళ్ళకు జీతాల్లాంటివి మొదలుకాక ముందు మాట.

## ఒక కాలేజీ లెక్క వేసి చూద్దాం

అంకెలు పట్టుబడాలంటే ఒక ఊహా కాలేజీని తీసుకుందాం. విద్యార్థులు 6,000 మంది. ఆటల విభాగం ఖర్చు ఏడాదికి 2 కోట్ల డాలర్లు. కోచ్‌ల జీతాలు, స్కాలర్‌షిప్పులు, విమాన టికెట్లు, హోటళ్ళు, వైద్యం, మైదానాల నిర్వహణ, అన్నీ అందులోనే.

ఆదాయం చూద్దాం. టికెట్లు, ప్రకటనలు కలిపి 12 లక్షలు. ఎన్‌సీఏఏ, కాన్ఫరెన్స్ నుంచి 20 లక్షలు. పెద్ద జట్ల ఊళ్ళకు వెళ్ళి ఆడినందుకు 15 లక్షలు (ఈ వింత ఆదాయం సంగతి తర్వాత చెబుతాను). పూర్వ విద్యార్థుల విరాళాలు 13 లక్షలు. మొత్తం 60 లక్షలు. ఇంకా 1 కోటి 40 లక్షలు కావాలి.

ఈ లోటు రెండు చోట్ల నుంచి పూడుతుంది. ప్రతి విద్యార్థి ఫీజు బిల్లులో ఆటల పేరుతో 900 డాలర్లు వేస్తే 54 లక్షలు వస్తాయి. మిగిలిన 86 లక్షలు యూనివర్సిటీ సాధారణ నిధి నుంచి, అంటే ట్యూషన్ ఫీజులు, ప్రభుత్వ గ్రాంట్లు కలిసిన పెద్ద సంచీ నుంచి తీస్తారు. ఎటు తిప్పి చూసినా ఒక్కో విద్యార్థి మీద పడే భారం ఏడాదికి 2,333 డాలర్లు.

ఇదే 1.4 కోట్ల లోటు 40,000 మంది చదివే యూనివర్సిటీలో ఉంటే తలకు 350 డాలర్లతో సరిపోతుంది. చిన్న కాలేజీకి అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. బాస్కెట్‌బాల్ జట్టును విమానమెక్కించడానికి 2,000 మంది చదివే కాలేజీకీ, 40,000 మంది చదివే కాలేజీకీ ఒకే ఖర్చు. ఆ ఖర్చు పంచుకునే తలకాయలే తక్కువ.

## ఓడిపోవడానికి డబ్బు తీసుకోవడం

పెద్ద జట్లకు సీజన్ మొదట్లో సొంత స్టేడియం నిండే, సులువుగా గెలిచే మ్యాచ్‌లు కావాలి. చిన్న జట్లకు డబ్బు కావాలి. ఈ రెండు అవసరాలూ కలిసిన చోట ‘గ్యారంటీ గేమ్’ పుట్టింది. మా ఊరొచ్చి ఆడి వెళ్ళండి, చెక్కు రాసిస్తాం అనే ఒప్పందమిది. తిరుగు మ్యాచ్ ఉండదు.

ఈ ఒప్పందాల గురించి పేపర్లలో పడేవి అద్భుతాలే. 2007లో అపలాచియన్ స్టేట్ 4 లక్షల డాలర్లకు మిషిగన్ వెళ్ళి, 34-32తో గెలిచి వచ్చింది. 2024 సెప్టెంబరులో నార్తర్న్ ఇల్లినాయ్ 14 లక్షల డాలర్లు తీసుకుని నోటర్‌డేమ్‌ను వాళ్ళ మైదానంలోనే 16-14తో ఓడించింది. వినడానికి ఎంత బాగుంటుందో!

కానీ నాకు ఎక్కువ గుర్తుండేది జార్జియాలోని సవానా స్టేట్ కథ. నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన చిన్న ప్రభుత్వ యూనివర్సిటీ అది. 2012 సెప్టెంబరులో వరుసగా రెండు వారాలు అగ్రశ్రేణి జట్లతో ఆడింది. ఓక్లహోమా స్టేట్ చేతిలో 84-0. ఫ్లోరిడా స్టేట్ చేతిలో 55-0, అది కూడా మూడో క్వార్టర్‌లో పిడుగుల భయంతో ఆట ఆపేశారు కాబట్టి అక్కడితో ఆగింది. రెండిటికీ కలిపి వచ్చింది 8 లక్షల 60 వేల డాలర్లు. ఆ డబ్బుతో మిగతా ఆటలు నడిచాయి. పందొమ్మిది, ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ దెబ్బలు తిన్న ఒళ్ళే ఆ ఆదాయానికి పెట్టుబడి. 2019లో సవానా స్టేట్ డివిజన్ టూకి వెళ్ళిపోయింది.

ఇప్పుడీ ఆదాయానికీ గండి పడుతోంది. ఎస్‌ఈసీ 2026 నుంచి ఒక్కో జట్టు తమలో తాము ఆడుకునే మ్యాచ్‌లను ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచింది. ఆ మేరకు బయటి జట్లకు ఇచ్చే తేదీలు తగ్గుతాయి.

## నాలుగేళ్ళలో తలకిందులైన నియమాలు

వందేళ్ళకు పైగా ఎన్‌సీఏఏ పట్టుకు వేలాడిన సూత్రం ఒకటుంది: కాలేజీ ఆటగాడు విద్యార్థే, చదువు, బస, భోజనం తప్ప చేతికి డబ్బు ఇవ్వకూడదు. కోచ్‌లు లక్షల డాలర్లు సంపాదిస్తూ ఆటగాళ్ళకు మాత్రం నీతి చెప్పడం అన్యాయమని కోర్టుల్లో కేసులు పడుతూ వచ్చాయి. 2021 జూన్‌లో ఆల్స్‌టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ వెంటనే జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకునే హక్కుల్ని అమ్ముకునే వీలు కలిగింది. దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. షూ కంపెనీ ప్రకటన కావచ్చు, ఊళ్ళో కార్ల షోరూం ప్రకటన కావచ్చు. ఆచరణలో మాత్రం అభిమానుల సంఘాలు డబ్బు పోగేసి ఆటగాళ్ళను రప్పించుకోవడానికి అది దారి అయింది.

రెండోది ట్రాన్స్‌ఫర్ పోర్టల్. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు అందులో పేరు నమోదు చేసుకుంటాడు. ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలి. 2024 నుంచి చదువులో నిబంధనల ప్రకారం ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. ఆటగాడి కోణంలో ఇది న్యాయం, కోచ్‌కున్న స్వేచ్ఛే అతనికీ వచ్చింది. చిన్న కాలేజీ కోణంలో మాత్రం పేరూ ఊరూ తెలియని కుర్రాణ్ణి తెచ్చి, రెండేళ్ళు తీర్చిదిద్ది, వికసించగానే పెద్ద కాలేజీకి అప్పగించడం. యూరప్ సాకర్‌లో చిన్న క్లబ్ ఆటగాణ్ణి వదులుకుంటే బదిలీ రుసుము వస్తుంది. ఇక్కడ చిన్న కాలేజీకి అలాంటి రుసుమేదీ లేదు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. 2025 జూన్ 6న కాలిఫోర్నియాలో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన ‘హౌస్’ కేసులో రాజీ ఒప్పందాన్ని ఆమోదించారు. అందులో రెండు భాగాలున్నాయి. ఇకమీద కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వొచ్చు, 2025-26లో కాలేజీకి గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్ల వరకు. ఇది పైకప్పు మాత్రమే, ఇంత ఇవ్వాలన్న నిబంధన లేదు. రెండోది, 2016 నుంచి ఆడిన పాత ఆటగాళ్ళకు నష్టపరిహారంగా పదేళ్ళలో సుమారు 280 కోట్ల డాలర్లు కట్టాలి.

ఆ పరిహారం ఎవరు కడతారన్న దగ్గర చిన్న కాలేజీల గుండె మండింది. పెద్ద భాగం కోసం ఎన్‌సీఏఏ అన్ని డివిజన్ వన్ కాలేజీలకూ ఏటా పంచే సొమ్ములో కోత పెడుతుంది. పరిహారంలో సింహభాగం వెళ్ళేది పెద్ద కూటముల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు. తమ దగ్గర ఎన్నడూ ఆడని ఆటగాళ్ళ బాకీలో ఫుట్‌బాల్ జట్టే లేని కాలేజీలు కూడా వాటా మోస్తున్నాయన్నమాట. దీని మీద బిగ్ ఈస్ట్ లాంటి కూటములు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. టోర్నీ సొమ్మును ఇన్నేళ్ళూ అందరూ పంచుకున్నారు కాబట్టి బాకీ కూడా అందరిదీ అన్నది ఎన్‌సీఏఏ వైపు తర్కం. ఆ మాటలో కొంత నిజముంది. కానీ పంచుకున్న నిష్పత్తిలోనే బాకీ పంచారా అన్నది అసలు ప్రశ్న. అక్కడ నా సానుభూతి చిన్న కాలేజీల వైపే.

ఆటగాళ్ళను ఉద్యోగులుగా గుర్తించాలన్న వాదన ఇంకా మిగిలే ఉంది. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళు 13-2తో యూనియన్‌కు ఓటేశారు. ఆ ఏడాది చివర్లో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. రేపు ఎక్కడైనా అది నిలబడితే కనీస వేతనం, బీమా లాంటివన్నీ బడ్జెట్‌లోకి వస్తాయి. అందుకే చిన్న కాలేజీల అధ్యక్షులకు టెన్షన్ తగ్గడం లేదు.

## లోటంతా నిజంగా లోటేనా?

ఆర్థికవేత్తలు గట్టిగా పోట్లాడుకునే చోటు ఇది. ఓపిగ్గా చూస్తే రెండు వైపులా బలమైన మాటలే ఉన్నాయి.

మన ఊహా కాలేజీకే మళ్ళీ వెళ్దాం. 2 కోట్ల ఖర్చులో 60 లక్షలు స్కాలర్‌షిప్పులని అనుకుందాం: 150 మందికి తలా 40,000 డాలర్లు. కాగితం మీద ఆటల విభాగం ఆ 60 లక్షల్ని యూనివర్సిటీకి కట్టినట్టు రాస్తారు. కానీ క్లాసులో కుర్చీ, హాస్టల్లో మంచం ఎలాగూ ఖాళీగానే ఉండేవైతే, ఆ కుర్రాడు కూర్చోవడం వల్ల యూనివర్సిటీకి కొత్తగా అయ్యే ఖర్చు తిండి, పుస్తకాలు కలిపి 10,000 డాలర్లనుకుందాం. 150 మందికి 15 లక్షలు. అంటే 45 లక్షల ‘ఖర్చు’ కుడిజేబు నుంచి ఎడమజేబుకు మారిన కాగితపు లెక్క.

ఇంకొకటి. స్కాలర్‌షిప్ లేకుండా, జట్టులో చోటు కోసమే చేరిన పిల్లలు మరో 100 మంది ఉన్నారనుకోండి. రాయితీలు పోను తలా 18,000 డాలర్లు కడితే 18 లక్షలు. ఆటలే లేకపోతే వాళ్ళు ఈ కాలేజీకి వచ్చేవాళ్ళే కాదు. ఈ రెండూ తీసేస్తే 140 లక్షల లోటు 77 లక్షలకు దిగుతుంది. దాదాపు సగం!

అవతలి వైపు వాదన: కాలేజీకి గిరాకీ ఉండి, ఆ 150 కుర్చీల్లో డబ్బు కట్టే పిల్లలే కూర్చునేవాళ్ళైతే 60 లక్షలూ నిజమైన నష్టమే. ఆ 100 మంది ఎలాగూ ఇక్కడే చేరేవాళ్ళైతే ఆ 18 లక్షలూ ఆటల ఖాతాలో వేసుకోకూడదు. అప్పుడు 140 లక్షలు 140 లక్షలే.

కాబట్టి ఒకే పద్దు ఒక కాలేజీకి తెలివైన ఖర్చు, పక్క కాలేజీకి గుదిబండ. తేల్చేది ఖాళీ కుర్చీల సంఖ్య. ఈ కుర్చీల ప్రశ్న రాబోయే ఏళ్ళలో మరీ ముదురుతుంది. అమెరికాలో పుట్టిన పిల్లల సంఖ్య 2007లో గరిష్ఠానికి చేరి, 2008 మాంద్యం నుంచి తగ్గుతూ వచ్చింది. ఆ లెక్కన 18 ఏళ్ళు నిండేవాళ్ళ సంఖ్య 2025 తర్వాత తగ్గుముఖం పడుతుంది. పిల్లలు తగ్గేకొద్దీ ఆటల ఆకర్షణ కావాలనే వాదన బలపడుతుంది. అదే సమయంలో ఆటలకు పెట్టే డబ్బూ కరిగిపోతుంది.

## ఆటలు ప్రకటన అవుతాయా?

డివిజన్ వన్‌ను సమర్థించేవాళ్ళు చెప్పే అతిపెద్ద మాట ప్రచారం. 1984లో బోస్టన్ కాలేజీ ఆటగాడు డగ్ ఫ్లూటీ చివరి క్షణంలో విసిరిన బంతితో మయామీ మీద గెలిచారు, ఆ తర్వాత కాలేజీకి దరఖాస్తులు పెరిగాయి. అప్పటి నుంచి దీనికి ‘ఫ్లూటీ ప్రభావం’ అని పేరు పడింది. అయితే అక్కడ దరఖాస్తులు అంతకుముందు నుంచే పెరుగుతున్నాయని గుర్తుచేసేవాళ్ళూ ఉన్నారు. డెవిన్ పోప్, జారెన్ పోప్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ విజయాలు దరఖాస్తుల్ని 2 నుంచి 8 శాతం వరకు పెంచుతాయని తేలింది. ప్రభావం ఉంది. కానీ అది గెలిచినవాళ్ళకు. ఏటా 360 జట్లు ఆశపడితే జనం నోట్లో నానేది ఒకటి రెండు చిన్న జట్ల పేర్లే.

ఆ ఒకటి రెండిట్లో పేరొచ్చినా అది ఎంతకాలం నిలుస్తుందన్నది మరో ప్రశ్న. 2022లో న్యూజెర్సీలోని సెయింట్ పీటర్స్ చివరి ఎనిమిది జట్లలో నిలిచింది. 15వ సీడ్ జట్టు (తన విభాగంలోని 16 జట్లలో 15వ ర్యాంకుది) అంత దూరం రావడం చరిత్రలో అదే మొదటిసారి. టోర్నీ ముగిసీ ముగియగానే కోచ్‌ను సీటన్ హాల్ యూనివర్సిటీ తీసుకుపోయింది. ముఖ్య ఆటగాళ్ళూ చెదిరిపోయారు.

డబ్బుతో కొలవలేనివి కూడా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. లొరెట్టో లాంటి ఊరికి శనివారం మ్యాచే పండుగ. అలబామాలో యూఏబీ (యూనివర్సిటీ ఆఫ్ అలబామా ఎట్ బర్మింగ్‌హామ్) 2014 డిసెంబరులో ఖర్చు భరించలేమని ఫుట్‌బాల్ ఆపేస్తే, ఊరు ఊరంతా కదిలి చందాలు పోగేసింది. ఆరు నెలలకే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు, 2017లో జట్టు మళ్ళీ మైదానంలోకి దిగింది. అంత పట్టుదల బ్యాలెన్స్ షీట్‌లో కనపడదు.

## ఫీజు బిల్లులో ఆ ఒక్క లైను

బిల్లు చివరికి ఎవరికి చేరుతుందో చూస్తే మన ఇళ్ళ దాకా వస్తుంది. 2023-24లో అమెరికాలో చదివిన భారత విద్యార్థులు 3,31,602 మంది. వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఎంతమందో ఏ విమానాశ్రయంలో నిలబడినా తెలుస్తుంది. ఎక్కువ మంది చేరేది హార్వర్డ్‌లో కాదు, ఎంఎస్ సీటు తేలికగా ఇచ్చే మధ్యతరహా యూనివర్సిటీల్లో. ఇక్కడ ‘చిన్న’ అని పిలుస్తున్నవి చాలావరకు ఆ రకం యూనివర్సిటీలే.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ భారం ఫీజు బిల్లులో విడిగా కనిపించవచ్చు. కొన్నిచోట్ల ‘అథ్లెటిక్ ఫీజు’ అనే పేరుతో, మరికొన్నిచోట్ల ఏదో ఒక సాధారణ రుసుములో కలిసిపోయి. ప్రైవేటు కాలేజీల్లో ట్యూషన్‌లోనే కలిసి ఉంటుంది. మన తెలుగు విద్యార్థులకు బాగా తెలిసిన యూఎన్‌సీ షార్లెట్ 2013లో ఫుట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు, దానికయ్యే ఖర్చులో కొంత విద్యార్థుల ఫీజు నుంచే తీసింది. మనవాళ్ళకు అంతే తెలిసిన టెక్సస్‌లోని యూటీ ఆర్లింగ్టన్ మాత్రం 1985లోనే ఫుట్‌బాల్ వదిలేసింది. మిగతా ఆటల్లో డివిజన్ వన్‌లోనే కొనసాగుతోంది. ఒకే తరహా యూనివర్సిటీలు రెండు వేర్వేరు దారులు పట్టాయి.

ఫీజును సమర్థించేవాళ్ళు లైబ్రరీ వాడని విద్యార్థి కూడా లైబ్రరీ రుసుము కడతాడు కదా అంటారు. ఫీజు కట్టినవాళ్ళకు మ్యాచ్‌లు తరచుగా ఉచితమే. నిజమే. కానీ లైబ్రరీ చదువులో భాగం. రెండేళ్ళు క్లాసుకీ, పార్ట్‌టైమ్ పనికీ మధ్య పరుగెత్తే ఎంఎస్ విద్యార్థి స్టేడియం గేటు దాటడం అరుదు. అతను కట్టే ఆ రుసుము కూడా విజయవాడలోనో, వరంగల్‌లోనో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన బ్యాంకు అప్పులో భాగం కావచ్చు. దాని మీద ఇక్కడ వడ్డీ నడుస్తుంది. అమెరికన్ విద్యార్థి పరిస్థితి కూడా పెద్ద తేడా లేదు, అతనూ తరచుగా అప్పు చేసే చదువుతాడు. కొన్నిచోట్ల రాష్ట్రాలు అడ్డుకట్ట వేశాయి. వర్జీనియా 2015లో చేసిన చట్టం, ఆటల ఆదాయంలో విద్యార్థుల ఫీజుల వాటా ఇంతకు మించకూడదని స్థాయిని బట్టి పరిమితులు పెట్టింది.

## దిగేవాళ్ళు, తగ్గించుకునేవాళ్ళు, ఎక్కేవాళ్ళు

భారం మోయలేనప్పుడు కాలేజీలు ఎక్కువగా చేసేది జనం చూడని ఆటల్ని కత్తిరించడం. 2025 జనవరిలో క్లీవ్‌లాండ్ స్టేట్ కుస్తీ, మహిళల గోల్ఫ్, సాఫ్ట్‌బాల్ జట్లను రద్దు చేసింది. టీవీ డబ్బు తెచ్చే ఆట మిగులుతుంది, ఏళ్ళ తరబడి చెమటోడ్చిన ఒక కుస్తీ కుర్రాడి కల పోతుంది. ఈ గొడవలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మెట్టు దిగడం అరుదు. 2018లో ఇడాహో యూనివర్సిటీ తనంతట తానుగా ఎఫ్‌బీఎస్ నుంచి ఎఫ్‌సీఎస్‌కు దిగింది. ఈ కాలంలో అలా దిగిన మొదటి కాలేజీ అదే. కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్ కథ సెయింట్ ఫ్రాన్సిస్‌కు ముందే జరిగిన రిహార్సల్ లాంటిది. 2021 మార్చిలో తొలిసారి టోర్నీకి వెళ్ళింది, మే నెలలో డివిజన్ త్రీకి దిగాలని పాలకమండలి తీర్మానించింది. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు గగ్గోలు పెట్టినా నిర్ణయం మారలేదు. దిగడం ఎందుకంత కష్టమో మిషిగన్‌లోని ఈస్టర్న్ మిషిగన్‌లో చూడొచ్చు. 2016లో అక్కడి అధ్యాపకులు, విద్యార్థుల తరఫున వచ్చిన ఒక నివేదిక ఎఫ్‌బీఎస్ వదిలేయమని సలహా ఇచ్చింది. యాజమాన్యం ససేమిరా అంది.

ఇంత నష్టమైతే పైకి ఎక్కేవాళ్ళెందుకున్నారు? ఎఫ్‌బీఎస్‌లో చేరడానికి కట్టాల్సిన రుసుమును 2023లో 5 వేల డాలర్ల నుంచి ఏకంగా 50 లక్షల డాలర్లకు పెంచారు. అయినా డెలావేర్, మిస్సోరి స్టేట్ 2025లో చేరాయి. మెట్టు ఎక్కిన కాలేజీ చుట్టూ చూసుకుంటే తనలాంటి కాలేజీలన్నీ అక్కడే కనిపిస్తాయి. కింద ఉండిపోతే పిల్లలూ, దాతలూ తమను మర్చిపోతారన్న భయం ఒకటి. పైన ఉన్నవాళ్ళ పక్కన పేరు కనబడాలన్న ఆశ ఒకటి. ఆ పక్కన నిలబడే ధరను మాత్రం ఏటా పైవాళ్ళే నిర్ణయిస్తున్నారు.

సెయింట్ ఫ్రాన్సిస్ ఆడిన కూటమి పేరు నార్త్‌ఈస్ట్ కాన్ఫరెన్స్. ఆ కాలేజీ వెళ్ళిపోతున్నామని చెప్పిన కొద్ది వారాలకే డివిజన్ టూ నుంచి ఒక కొత్త కాలేజీ అదే కూటమిలోకి వస్తున్నట్టు ప్రకటించింది. అది కనెటికట్‌లోని న్యూ హేవెన్ యూనివర్సిటీ. ఎంఎస్ కోసం వెళ్ళిన పిల్లలున్న తెలుగు ఇళ్ళలో చాలామంది విన్న పేరు. 2025 నాటి నిబంధనల ప్రకారం కొత్తగా వచ్చిన కాలేజీలకు మొదటి కొన్నేళ్ళు మార్చి టోర్నీలో ఆడే అర్హత ఉండదు, ఖర్చు మాత్రం మొదటి రోజు నుంచే మొదలవుతుంది. 2025-26 సీజన్‌లో ఈ రెండు కాలేజీల పేర్లూ ఒకే షెడ్యూల్లో ఉన్నాయి, ఒకటి లోపలికి వస్తూ, ఒకటి బయటికి వెళ్తూ.